అనంతపురంలో మేడ మీది హాల్లో నాలుగు బ్యాండ్లు: సౌండు, కరెంటు, పర్మిషన్ సంగతి

రాంనగర్_రిఫ్:

నమస్తే అందరికీ. డిసెంబర్‌లో ఒక శనివారం సాయంత్రం అనంతపురంలో షో పెడుతున్నాం. మెటల్ బ్యాండ్లు రెండు (ఒకటి బెంగళూరు, ఒకటి మన ఊరిదే), హైదరాబాద్ నుంచి ఒక పంక్ బ్యాండ్, కర్నూలు నుంచి పాట లేకుండా వాయించే బ్యాండ్ ఒకటి. దాదాపు అన్నీ సొంత పాటలే.

హాలు మొదటి అంతస్తులో ఉంది. 45 అడుగుల పొడవు, 30 వెడల్పు, సీలింగ్ 11 అడుగులు. కింద టైల్స్, పైన స్లాబ్, ఒక పక్క గోడంతా అద్దాల కిటికీలు. మామూలుగా పుట్టినరోజులు, చీరల ఎగ్జిబిషన్లు జరిగే చోటు. టికెట్ 250 రూపాయలు, 120 మందికి మించి అమ్మం.

సౌండ్ సర్వీస్ ఆయన ఇస్తానన్నవి: డబుల్ 18 అంగుళాల బేస్ బిన్లు (కింది స్వరాలకి పెద్ద స్పీకర్ పెట్టెలు) నాలుగు, టాపులు (గొంతు, మిగతా పై స్వరాలకి) నాలుగు, 16 ఛానెళ్ల మిక్సర్, అహూజా మైకులు ఆరు. డ్రమ్ కిట్ ఊళ్లోనే దొరికింది. గిటార్ ఆంప్లిఫయర్లు లేవు, అందరూ ప్రాసెసర్లే (ఆంప్లిఫయర్ శబ్దాన్ని అనుకరించే పెట్టెలు) తెస్తున్నారు.

నా డౌట్లు: ఈ సెట్ సరిపోతుందా? హాల్లో మైకు పెడితే బుయ్యిమని హమ్ వస్తుందని వాచ్‌మన్ చెప్తున్నాడు, దానికేం చెయ్యాలి? పోలీసు పర్మిషన్ ఎవరి దగ్గర? నాలుగు బ్యాండ్లని పదింటిలోపు ఎలా ముగించాలి?

పెన్నా_ఫేడర్:

అప్పా, ఆ నాలుగు బిన్లు మెట్లెక్కించొద్దని ఇప్పుడే చెప్పేయ్. ఊరేగింపులో ట్రాక్టర్ మీద పెట్టే సరుకది. సరిపోతాదా అని అడుగుతున్నావు, అది ఎక్కువయ్యే నీకు తంటా.

చిన్న గదిలో లెక్క డ్రమ్స్ కాడ మొదలుపెట్టాల. మెటల్ డ్రమ్మర్ గట్టిగా కొడితే మైకు లేకుండానే ఆ హాల్లో వంద డెసిబెల్ దాటుతాది. దాన్ని తగ్గించేది నీ చేతిలో లేదు. పాడేవాడి గొంతు ఆ డ్రమ్స్ మీదికి రావాల, ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి దూరి వేసే కూత) కొట్టకుండా రావాల. ఖర్చు, టైము అంతా దీనికే పెట్టు. కాబట్టి 12 లేదా 15 అంగుళాల టాపులు రెండు, సింగిల్ 18 సబ్‌లు (బేస్ స్పీకర్లు) రెండు. మానిటర్లు (పాడేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్లు) రెండు అడుగు, వాటిలో గొంతు తప్ప ఇంకేమీ వదలొద్దు. అంతే.

టాపులు స్టాండ్ మీద హారన్ ఏడడుగుల ఎత్తులో ఉండేట్టు పెట్టు, మైకుల కంటే ముందుకి, జనం వైపు కొంచెం లోపలికి తిప్పి. కిటికీల వైపు తిప్పితే అద్దం నుంచి తిరిగొచ్చి మైకులోకి దూరుతాది. సబ్‌లు ఎడమొకటి కుడొకటి కాదు, రెండూ ఒకే చోట పక్కపక్కన పెట్టాల. విడదీస్తే గది మధ్యలో బేస్ కుప్పపోసినట్టుంటాది, రెండడుగులు పక్కకి జరిగితే ఖాళీ.

ఇంకోటి. 11 అడుగుల సీలింగ్ అంటే నేలకీ స్లాబుకీ మధ్య 50 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతాది. బేస్ గిటార్ కింది తీగ మీద నాలుగో ఫ్రెట్ నొక్కు, సుమారు 52 హెర్ట్జ్. ఆ స్వరం ఒక్కటే రెండింతలు మోగితే కారణం వాయించేవాడు కాదు, గది. కరెంటు హమ్ కూడా 50 దగ్గరే కాబట్టి కొంచెం హమ్ ఉన్నా నీ హాల్లో పెద్దగా వినిపిస్తాది. సబ్‌లకు పోయే లైన్లో 50 దగ్గర నాలుగైదు డెసిబెల్ కొయ్యి. బురదగా ఉందనిపిస్తే 250 దగ్గర కూడా కొంచెం కొయ్యి.

టైల్స్ మీద జంపఖానాలు పరిపించు. స్టేజీ వెనక గోడకీ కిటికీలకీ టెంట్ హౌస్ సైడు గుడ్డలు కాదు, మందం దుప్పట్లు కట్టించు. గోడకి ఆనించి కడితే ఉపయోగం తక్కువ, జానెడు ఎడం వదిలి వేలాడదీయాల, మడతలు మడతలుగా. వీటితో కీచుమనే పై శబ్దాలు తగ్గుతాయి గానీ బేస్ మాత్రం తగ్గదు. ఆ ఆశ పెట్టుకోవద్దు. జనం నిండినాక గది ఇంకా మెత్తబడతాది, అందుకే ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేసి బెంబేలు పడొద్దు.

అహూజా మైకుల సంగతి: మైకు చెడ్డదని కాదు, మన ఊళ్లల్లో దాంతో వచ్చే కేబుల్‌కి చాలాసార్లు మిక్సర్ వైపు లావు జాక్ ఉంటాది. అరవై అడుగులు లాగినావంటే హమ్మూ, ఆటో ఇగ్నిషన్ చప్పుడూ అన్నీ పట్టుకొస్తాది. రెండు కొసలా ఎక్స్‌ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు కనెక్టర్) ఉన్న కేబుళ్లు 12, డీఐ బాక్సులు (గిటార్ సిగ్నల్‌ని మైకు లైనుకి సరిపడేట్టు మార్చేవి) నాలుగు కావాలని రాసివ్వు. పాడేదానికి షూర్ ఎస్ఎం58 మూడు దొరికితే చాలు, అంతకంటే ఖరీదైంది అక్కర్లేదు.

డబుల్‌పెడల్_కడప:

ఫేడర్ అన్న చెప్పింది కరెక్టే. మెటల్ సింగర్ల గురించి ఒకటి కలపాలి. గ్రౌల్ చేసేవాళ్లు (గొంతు గరగరలాడిస్తూ అరిచేవాళ్లు) మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. ఎస్ఎం58 వెనక నుంచి వచ్చే శబ్దాన్ని వదిలేసేది ఆ జాలీ వెనకున్న సందుల వల్లే. వాటిని మూసేస్తే నలుదిక్కులా వినే మైకు అయిపోతుంది, వెంటనే కూత. సౌండ్ చెక్‌లోనే సింగర్‌ని మూసి పట్టుకుని అరవమనండి, ఆ స్థితిలో ఎంత లెవెల్ వరకు కుయ్యకుండా ఉందో అదే ఆ రాత్రికి హద్దు. మానిటర్ ఎస్ఎం58కి సరిగ్గా వెనక, అంటే సింగర్ కాళ్లకి ఎదురుగా ఉండాలి. ఎవరైనా బీటా 58 తెస్తే దానికి వెనక కాదు, వెనక పక్కలకు చెవుడు. మానిటర్‌ని పక్కకి జరపాలి. గొంతు ఛానెళ్లన్నిటికీ వంద హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది స్వరాల్ని తీసేసే బటన్) నొక్కి ఉంచండి.

కిట్ విషయం. నాలుగు బ్యాండ్లకీ ఒకటే కిట్, అది కదలకూడదు. డ్రమ్ములు, స్టాండ్లు, స్టూలు అందరికీ ఉమ్మడి. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. ఇది వారం ముందే నలుగురు డ్రమ్మర్లకీ రాసి పంపండి, లేకపోతే పంక్ డ్రమ్మర్ కర్రలు మాత్రం జేబులో పెట్టుకుని దిగుతాడు. అద్దె కిట్‌లో ఎప్పుడూ లేనివి: సింబల్ స్టాండ్ మీది ఫెల్టులు, రెక్కల నట్లు, డ్రమ్ కీ. ఇవి అదనంగా తెప్పించండి. కిక్ డ్రమ్‌కి స్పేర్ హెడ్ ఒకటి ఉండాలి, డబుల్ పెడల్ (రెండు కాళ్లతో కిక్ కొట్టేది) కింద పాత హెడ్ చిరగడం మామూలే. బీటర్ తగిలే చోట ముందే ప్యాచ్ అంటించండి. కిట్ కింద ఆరడుగుల చదరం జంపఖానా వేసి, ముందంచుకి ఒక చెక్క బద్దీ మేకులతో కొట్టండి. టైల్ మీదైనా ప్లైవుడ్ మీదైనా బద్దీ లేకపోతే మూడో పాటకి కిక్ డ్రమ్ సింగర్ మడమల దగ్గరుంటుంది.

డ్రమ్స్‌కి మైకులు రెండే: కిక్‌కి ఒకటి, స్నేర్‌కి ఒకటి. టామ్స్, సింబల్స్ ఆ గదిలో మైకు అడగవు. కిక్ లోపల చిన్న దిండు పెట్టండి. డ్రమ్మర్ ఒప్పుకుంటే 5బి కర్రల బదులు సన్నటి 7ఏ వాడమనండి, అదొక్కటే గదిని తగ్గిస్తుంది. ఒప్పుకోడు, అయినా అడగండి.

కర్నూలు_లోఎండ్:

సబ్‌లు రెండు చాలన్నదాంతో నాకు పేచీ లేదు. కిక్‌కి మైకు పెట్టి సబ్‌లోకి వదలడం మాత్రం మొదటి అంతస్తులో ఆలోచించాల్సిన పని. స్లాబు మీద సబ్ పెడితే కింద అంగడి షట్టర్ దడదడలాడుతుంది, పక్కింటికి కిటికీ నుంచి కాదు, గోడలోంచే చేరుతుంది. సబ్‌ల కింద మందపాటి రబ్బరు లేదా గట్టి ఫోమ్ షీటు వేయండి, స్టేజీ పలకల మీద అసలు పెట్టొద్దు. కిక్‌లో 60 హెర్ట్జ్ కంటే 3 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గరి టకటకే డబుల్ పెడల్‌ని వినిపించేలా చేసేది. కింది భాగం పెంచుతూ పోతే వేగంగా వాయించే చోట ఒక్క దెబ్బా విడిగా వినిపించదు.

ప్రాసెసర్లకి ఒక మాట. మిక్సర్‌లోకి నేరుగా పెట్టేటప్పుడు క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ పెట్టెని అనుకరించేది) ఆన్‌లో ఉండాలి. ఆఫ్‌లో ఉంటే డిస్టార్షన్ కందిరీగల తుట్టెలా ఉంటుంది, అప్పుడు సౌండ్ ఆయన ట్రెబుల్ మొత్తం కోసేసి గిటార్‌ని చంపేస్తాడు. ఇంట్లో హెడ్‌ఫోన్‌లో చేసుకున్న ప్యాచ్‌లలో బేస్, రివర్బ్ రెండూ ఎక్కువుంటాయి. ఆ హాల్లో రివర్బ్ ఉచితంగా వస్తుంది కాబట్టి ప్రాసెసర్‌లోది ఆపేయండి, 100 హెర్ట్జ్ కింద గిటార్‌ని కోసేయండి, అది బేస్ గిటార్ చోటు. ప్యాచ్‌లన్నీ ఒకే లెవెల్‌లో ఉన్నాయో లేదో బ్యాండ్‌వాళ్లే చూసుకుని రావాలి. క్లీన్ నుంచి సోలోకి మారగానే పది డెసిబెల్ ఎగిరితే మిక్సర్ దగ్గరున్నవాడు ఆ సాయంత్రమంతా ఒక ఫేడర్‌ని (లెవెల్ జరిపే మీటని) వెంటాడుతూ ఉంటాడు.

ఎర్త్_గుంత:

హమ్ గురించి. ముందు మల్టీమీటర్ తీసుకుని హాల్లో స్టేజీ దగ్గరి ప్రతి సాకెట్‌లో మూడు కొలతలు తీయండి. ఫేజ్ నుంచి న్యూట్రల్‌కి 230 వోల్టులకి అటూఇటూ, ఫేజ్ నుంచి ఎర్త్‌కి దాదాపు అంతే, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి ఒకటి రెండు వోల్టులు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వంద, నూటయాభై లాంటి వింత అంకె వస్తే ఆ సాకెట్‌లో ఎర్త్ వైరు పేరుకే ఉంది. అలాంటి చోట గిటార్ పట్టుకున్నవాడు మైకుకి పెదవి ఆనించగానే చురుక్కుమంటుంది. చురుక్కుమనడంతో ఆగితే అదృష్టం.

స్టేజీ మీది సామాను, మిక్సర్, ఆంప్లిఫయర్లు అన్నీ ఒకే ఫేజ్ మీద, ఒకే బోర్డు నుంచి రావాలి. మూడు ఫేజులున్నాయి కదా అని గిటార్లు ఒకదాని మీద, మిక్సర్ ఇంకోదాని మీద పెట్టే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. ఆ రెండు ఫేజుల మధ్య ఎప్పుడూ 400 వోల్టుల పైచిలుకు ఉంటుంది, న్యూట్రల్ ఊడితే అది సామాను మీద పడుతుందని మర్చిపోవద్దు. లైట్లు, కూలర్లు రెండో ఫేజ్‌కి తోసేయండి. ఆ బోర్డుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) ఉండి తీరాలి.

హమ్ వస్తోందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, వైరు తీసేయడం ఎవరినీ చేయనివ్వద్దు. హమ్ పోతుంది, దాంతోపాటు కాపాడే దారీ పోతుంది. హమ్ ఆపాల్సింది డీఐ బాక్స్ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ బటన్‌తో. ల్యాప్‌టాప్ నుంచి ట్రాక్‌లు వేసే బ్యాండ్ ఉంటే ఛార్జర్ పెట్టినప్పుడే గీగీమంటుంది, బ్యాటరీ మీద నడపమనండి.

హమ్ కాకుండా గరగర వినిపిస్తే ఫ్యాన్ రెగ్యులేటర్, చోక్ ట్యూబ్‌లైట్లు, లైట్ల డిమ్మర్ చూడండి. సింగిల్ కాయిల్ గిటార్‌కి ఇవంటే మహా ప్రేమ. స్టేజీ మీది ఫ్యాన్లు ఎలాగూ ఆపేయాలి. సీలింగ్ 11 అడుగులైతే రెక్కలు పదడుగుల లోపే ఉంటాయి, మీరు రెండడుగుల స్టేజీ వేస్తే గిటార్ పైకెత్తినవాడి హెడ్‌స్టాక్ దానికి తగులుతుంది. స్టేజీ అడుగు ఎత్తు చాలు. రెక్కలు విప్పించేస్తే ఇంకా మంచిది.

జనరేటర్: మీ లోడు రెండు టాపులు, రెండు సబ్‌లు, ఎల్‌ఈడీ పార్ లైట్లు ఎనిమిది, కూలర్లు నాలుగు అనుకుంటే నిజంగా లాగేది నాలుగు కిలోవాట్ల చుట్టూ. కానీ కిక్ కొట్టినప్పుడల్లా లాగుడు ఎగురుతుంది కాబట్టి 10 కేవీఏ కంటే తక్కువ తీసుకోవద్దు, 15 అయితే నిశ్చింత. కిందే పెట్టించండి, పొగ గొట్టం మెట్లవైపు గానీ కిటికీల కిందకి గానీ ఉండకూడదు. దుప్పట్లు కట్టి మూసిన హాల్లోకి ఆ పొగ చేరితే వాసన తెలిసేలోపే తలనొప్పులు మొదలవుతాయి.

మిక్సర్‌కి మాత్రం విడిగా చిన్న యూపీఎస్, 600 వీఏది చాలు. డిజిటల్ మిక్సర్ అయితే తప్పనిసరి, దాని వైఫై రౌటర్ కూడా అదే యూపీఎస్ మీద. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపు మిక్సర్ బతికే ఉంటే సెట్టింగులు పోవు. ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, ఆంప్లిఫయర్లు చివర. ఆపేటప్పుడు తలకిందులు.

క్లాక్‌టవర్_కుర్రోడు:

పర్మిషన్ సంగతి క్లుప్తంగా. మీ హాలు ఏ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడికి రెండు వారాల ముందే లెటర్ ఇవ్వండి: తేదీ, టైము, ఎంతమంది, హాలు ఓనర్ ఒప్పుకున్న కాగితం, బాధ్యుల ఆధార్ కాపీలు. మైకుకి అనుమతి సబ్ డివిజన్ ఆఫీసు నుంచి తెచ్చుకోమంటే అక్కడికి కూడా. మన దగ్గర పోలీసు చట్టం సెక్షన్ 30 (సభలు, ఊరేగింపుల మీద ఆంక్షలు పెట్టేది) తరచూ అమల్లో పెడుతుంటారు, ఆ రోజుల్లో హాలు లోపలి కార్యక్రమమైనా ముందే చెప్పి కాగితం చేతిలో ఉంచుకోవడం మేలు. లెటర్‌లో 'అండర్‌గ్రౌండ్' అనే మాట రాయకండి. 'సంగీత కార్యక్రమం' అనండి, అబద్ధం కాదు, ప్రశ్నలూ రావు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లే కాదు, వాయిద్యాలు కూడా వాడకూడదు. మూసిన హాళ్లకి మినహాయింపు ఉంది, అయితే అద్దాల కిటికీల హాలు మూసిన హాలే అని ఎస్సైకి నచ్చచెప్పే బాధ మీకెందుకు, 9:30కి ఆపేయండి. హాలు సరిహద్దు దగ్గర ఆ ప్రాంతానికి పెట్టిన శబ్దం హద్దుని 5 డెసిబెల్‌కి మించి దాటకూడదు, నివాస ప్రాంతానికి పగటి హద్దు 55. ఆస్పత్రి, బడి, కోర్టు వంద మీటర్లలో ఉంటే అది సైలెన్స్ జోన్, హాలే మార్చుకోవడం నయం. షోకి రెండ్రోజుల ముందు పక్క ఇళ్లవాళ్లకి వెళ్లి 'తొమ్మిదిన్నరకి అయిపోతుందక్కా' అని చెప్పి ఒక ఫోన్ నంబర్ ఇవ్వండి. ఫోన్ ముందు మీకొస్తుంది, స్టేషన్‌కి కాదు.

సొంత పాటలకి బ్యాండ్ల ఒప్పుకోలు చాలు. కవర్లు (వేరేవాళ్ల పాటలు) వాయిస్తే ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సంస్థ) లైసెన్స్ చూసుకోవాలి. విరామాల్లో వేసే రికార్డులకి హక్కులు వేరేగా ఉంటాయి, ఆ గొడవ లేకుండా వచ్చిన బ్యాండ్ల రికార్డింగులే వేసుకోండి. టికెట్ మనిషికి 500 దాటకపోతే ఇలాంటి సంగీత కార్యక్రమ ప్రవేశానికి జీఎస్టీ మినహాయింపు ఉంది.

120 మంది లెక్క బాగానే ఉంది. స్టేజీ, మిక్సర్ టేబుల్ పోను మీకు మిగిలేది సుమారు 1,100 చదరపు అడుగులు, మనిషికి తొమ్మిది. అయితే మెట్లు రెండు వైపులా ఉన్నాయా? ఒకటే దారి ఉంటే ఎనభై దగ్గర ఆపండి. రెండో తలుపుకి తాళం వేసి చెవి వాచ్‌మన్ జేబులో పెట్టుకుంటే కుదరదు, తెరిచే ఉంచండి. మాష్ పిట్ (జనం ఒకరినొకరు తోసుకుంటూ ఎగిరే గుంపు) తిరిగేది స్టేజీ ముందే కాబట్టి స్పీకర్ స్టాండ్ల కాళ్లకి ఇసుక మూటలు వేసి, పైభాగాన్ని వెనక గోడకి తాడుతో కట్టండి. కిటికీల వైపు బల్లలు అడ్డం పెట్టండి, అద్దానికి ఎవరూ ఆనకుండా.

డబుల్‌పెడల్_కడప:

టైమింగ్ మిగిలిపోయింది కదా. సౌండ్ చెక్ తలకిందులుగా చేయండి: చివర వాయించే బ్యాండ్ ముందు, మొదట వాయించేది ఆఖరున. అప్పుడు స్టేజీ మీద మిగిలిన సెట్టింగులే షో మొదటి బ్యాండ్‌వి. బ్యాండ్‌కి అరగంట చొప్పున రెండింటికి మొదలుపెడితే నాలుగుకి అయిపోవాలి, అవదు, అయిదు అనుకోండి. అంటే సౌండ్ వాళ్లు పన్నెండుకల్లా సామాను ఎక్కించి ఉండాలి.

షో: 6 నుంచి 6:30 ఊరి బ్యాండ్, 6:45 నుంచి 7:15 కర్నూలు వాళ్లు, 7:30 నుంచి 8 పంక్, 8:20 నుంచి 9:10 బెంగళూరు వాళ్లు. ఇరవై నిమిషాలు చేతిలో ఉంటాయి, అవి కచ్చితంగా ఖర్చవుతాయి. మారే పదిహేను నిమిషాల్లో పోయేది డ్రమ్స్ దగ్గర కాదు, గిటార్లు ట్యూన్ చేసుకుని పెడల్‌బోర్డులకి పవర్ వెతుక్కునే దగ్గర. రెండు పెడల్‌బోర్డు స్థలాలు టేపుతో గుర్తుపెట్టి, ఒక్కోచోట స్పైక్‌బస్టర్, డీఐ, కేబుల్ ముందే వేసి ఉంచండి. తర్వాతి బ్యాండ్ బోర్డులు పక్కన ఆన్ చేసి, ట్యూన్ అయి సిద్ధంగా ఉండాలి. దిగినవాళ్లు తీగలు చుట్టుకోవడం, ఫొటోలు, కౌగిలింతలు అన్నీ స్టేజీ కింద.

హైదరాబాద్ నుంచి 360 కిలోమీటర్లు వచ్చేవాళ్లని ఆ రోజు పొద్దున బయల్దేరమంటే సౌండ్ చెక్‌కి అందరు. ముందు రాత్రే దింపండి. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ పెడితే సగం అలకలు తీరిపోతాయి.

రాంనగర్_రిఫ్:

అందరికీ చాలా థ్యాంక్స్. బిన్లు వద్దని చెప్పేశాను, ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. మల్టీమీటర్‌తో చూశాం: ఫేజ్ న్యూట్రల్ 226, ఫేజ్ ఎర్త్ 171, న్యూట్రల్ ఎర్త్ 38. అన్ని సాకెట్లలోనూ ఇంతే. రెండో దారి ఉంది, వెనక ఇనప మెట్లు.

ఎర్త్_గుంత:

అన్ని సాకెట్లలో ఒకటే రీడింగ్ అంటే సాకెట్ల తప్పు కాదు, ఎర్త్ గుంతలోనే తడి ఎండిపోయింది లేదా గుంత నుంచి బోర్డుకొచ్చే వైరు తెగింది. అనంతపురం నేలలో ఇది వింత కాదు, సంవత్సరానికి అయిదారు వందల మిల్లీమీటర్ల వాన పడే చోట భూమికి తడే లేనప్పుడు కరెంటు ఎటు పోతుంది? ముందు గుంత మూత తీయించి క్లాంప్ చూడండి, తుప్పు పట్టి ఉంటే గీకించి బిగించాలి. తర్వాత రెండు మూడు బిందెల నీళ్లు, అందులో రెండు కిలోల రాళ్ల ఉప్పు కలిపి నెమ్మదిగా పోయించండి. షోకి వారం ముందు మొదలుపెట్టి రెండ్రోజులకోసారి వట్టి నీళ్లు పోస్తుండాలి. ఎక్కువకాలం నిలవాలంటే బొగ్గు, ఉప్పు పొరలతో కొత్త గుంత తవ్వించాలి, అది ఓనర్ పని.

నీళ్లు పోశాక మళ్లీ కొలవండి. న్యూట్రల్ ఎర్త్ రెండు మూడు వోల్టులకి దిగితే చాలు. ఒక్క మల్టీమీటర్‌నే నమ్మొద్దు: ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల పాతకాలపు బల్బు పెట్టించండి, మీరు చేయొద్దు. నిండుగా వెలిగితే ఎర్త్ పనిచేస్తోంది, ఎర్రగా మినుకుమంటే లేదు. ఆర్‌సీసీబీ ఉన్న లైన్లో ఈ పరీక్ష చేస్తే అది ట్రిప్ అవుతుంది, కాబట్టి దానికంటే ముందున్న మెయిన్ దగ్గర చేయాలి.

పెన్నా_ఫేడర్:

జనరేటర్‌కి కూడా ఎర్త్ వేరే ఉండాల, అది అడగడం మర్చిపోవద్దు. దాని బాడీకి కట్టే రాడ్డు పాతేదానికి సిమెంట్ లేని మట్టి చోటు కింద ఉందో లేదో ఇప్పుడే చూసి పెట్టుకో. ఇనప మెట్ల వైపు మాత్రం పెట్టొద్దు, అది జనం దిగే దారి.